సాక్షి లేని ఇంటర్వ్యూ: ఐదు నిమిషాల ఫోన్‌కాల్‌లో కులం ఎలా వినబడుతుంది

బేగంబజార్‌లో ఉద్యోగ ప్రకటన అంటే ఇప్పటికీ చాలాచోట్ల షట్టర్ మీద అంటించిన తెల్ల కాగితమే. 'బిల్లింగుకు మనిషి కావలెను. ట్యాలీ వచ్చి ఉండాలి' అని రెండు ముక్కలు, కింద పది అంకెల నంబరు. అలాంటి ఉద్యోగాలే ఇప్పుడు ఫోన్‌లోని యాప్‌లలోనూ కనిపిస్తున్నాయి. కాగితం చూసి మనం చేసినా, యాప్ చూసి వాళ్లు చేసినా మొదటి మెట్టు ఫోన్‌కాలే. ఐదు నిమిషాలు, మహా అయితే పది. అటువైపు మాట్లాడింది ఎవరో, ఏం అడిగారో, ఎందుకు వద్దనుకున్నారో ఎక్కడా రాసి ఉండదు. 'మళ్లీ చేస్తాం' అన్న మాటతో తలుపు మూసుకుంటుంది. మూసింది ఎవరో చెప్పడానికి సాక్షి ఉండడు.

ఫోన్ ఇంటర్వ్యూను ఎలా గెలవాలో చెప్పే వీడియోలకు కొదవ లేదు. నవ్వుతూ మాట్లాడండి, నిటారుగా కూర్చోండి, ఆత్మవిశ్వాసం చూపించండి అంటాయి. ఆ సలహాలు పనికిరావని అనను. కానీ అవన్నీ లోపం అభ్యర్థిలోనే ఉందన్న నమ్మకంతో మొదలవుతాయి. దళిత విద్యార్థికి ఫోన్‌లో ఎదురయ్యే చిక్కు వేరు. అక్కడ పనిని కొలిచే ప్రశ్నలూ, కులాన్ని కనిపెట్టే ప్రశ్నలూ ఒకే గొంతుతో, ఒకే మర్యాదతో కలిసి వస్తాయి. ఆ రెంటినీ విడదీసే రాతపూర్వక నియమం లేదు, జరిగినదానికి రికార్డు లేదు. కాబట్టి మన తయారీ రెండు రకాలుగా ఉండాలి. ఒకటి, ఆ కాల్‌లో నెగ్గడానికి. రెండోది, ఆ కాల్ ఆనవాలు లేకుండా మాయం కాకుండా చూడటానికి.

'ఎవరు పంపారు?' నుంచి 'ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?' దాకా

రెండో నిజాం ఆసఫ్ జా, అంటే నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిన స్థలం కాబట్టి ఈ బజారుకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. నగరంలో పేరున్న టోకు మార్కెట్ ఇది. కిరాణా, సుగంధ ద్రవ్యాలు, డ్రై ఫ్రూట్స్, స్టీలు, ఇత్తడి, ప్లాస్టిక్ సామాను ఇక్కడి నుంచే జిల్లాల దుకాణాలకు వెళ్తాయి. ఇలాంటి బజారులో గల్లా దగ్గర కూర్చునే మనిషి, గోదాము తాళాలు పట్టుకునే మనిషి, ఉధారు లెక్కలు రాసే మనిషి ఎప్పుడూ 'నమ్మకస్తుడై' ఉండాలి. ఆ నమ్మకం పరిచయం మీద నడుస్తుంది. పరిచయం బంధుత్వం మీద, కులం మీద, సొంత ప్రాంతం మీద నడుస్తుంది. 'ఎవరు పంపారు?' అన్న ప్రశ్నకు జవాబు ఉన్నవాడు గల్లా వైపు వెళ్తాడు, లేనివాడు బస్తాల వైపు వెళ్తాడు. బజారులో కులం పని చేయడానికి ఎవరూ ఎవరినీ తిట్టక్కర్లేదు. పరిచయం లేకపోతే చాలు.

జీఎస్టీ వచ్చాక, ఆర్డర్లు వాట్సాప్‌లోకి మారాక గల్లా చుట్టూ కొత్త పనులు పుట్టాయి. బిల్లింగ్, ట్యాలీ ఎంట్రీ, ఈ-వే బిల్లులు, ఆర్డర్ తీసుకునే టెలికాలర్, సరుకు పంపకం చూసే డిస్పాచ్ పని. వీటికి బంధువుల్లో మనిషి దొరక్కపోతే బయటి వాళ్లను తీసుకోక తప్పదు. బీకామ్ చదివిన దళిత, ఆదివాసీ, ముస్లిం, బీసీ యువతకు ఇది నిజంగానే తెరుచుకున్న కిటికీ. ఆ కిటికీ దగ్గర నిలబెట్టిన కాపలాయే ఫోన్‌కాల్. పాత ప్రశ్న అక్కడ రూపం మార్చుకుంది. 'ఎవరు పంపారు?' పోయి 'ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు? సొంతూరు ఏది? ఇంటిపేరేంటి? నాన్నగారు ఏం చేస్తారు?' వచ్చాయి.

ఇది బజారుకే పరిమితం కాదు. మాదాపూర్‌లోని కంపెనీ హెచ్ఆర్ అయినా, కూకట్‌పల్లిలోని కన్సల్టెన్సీ అయినా మొదట చేసేది వడపోత కాలే. బజారులో ఆ పని సేఠ్ గారి కొడుకు చేస్తాడు, కంపెనీలో 'ట్యాలెంట్ అక్విజిషన్' అన్న హోదాతో ఇంకొకరు చేస్తారు. ఫోన్ పెట్టేశాక రికార్డు లేకపోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

గొంతు కూడా ఒక చిరునామా

ఫోన్‌లో మనిషి కనబడడు కాబట్టి కులమూ కనబడదు, అది మనకు మేలే కదా అని కొందరు అంటారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. రంగు, బట్టలు, చెప్పులు అక్కడ లెక్కలోకి రావు. కానీ తెలుగు నేల మీద కులం కంటికంటే ముందు చెవికే అందుతుంది. పేరు చివర రెడ్డి, రావు, చౌదరి, శర్మ లాంటి తోక లేకపోవడమే కొందరికి ఒక సూచన. బైబిల్ పేరు ఇంకో సూచన. మండలం దాకా చెప్పించుకుని, ఊరు చెప్పించుకుని, 'ఊళ్లో ఎటువైపు?' అని అడిగితే ఇక దాగేదేమీ లేదు. మాట్లాడే యాస, 'స', 'శ'లు పలికే తీరు, ఇంగ్లిష్‌లో తడబడే చోటు ఏ బడిలో చదివారో చెప్పేస్తాయి.

ఇది మన ఊహ కాదు, పరిశోధనలు ఉన్నాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2005లో మొదలుపెట్టి 66 వారాలపాటు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపించారు. అర్హతలు సమానం, తేడా పేరులో మాత్రమే. అగ్రకుల హిందూ పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 1 అనుకుంటే, దళిత పేరుకు అది 0.67, ముస్లిం పేరుకు 0.33. ఇది 2007లో అచ్చయింది. ఇంటర్వ్యూ దాకా రాకముందే, పిలుపు దగ్గరే ఎంత వడపోత జరుగుతుందో ఈ అంకెలు చెబుతాయి.

అదే సంవత్సరం అచ్చయిన ఇంకో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలోని పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లు 25 మందితో మాట్లాడారు. వాళ్లు తమకు కులం పట్టదనీ, ప్రతిభే చూస్తామనీ చెప్పారు. ఆ నోటితోనే అభ్యర్థి 'కుటుంబ నేపథ్యం' తెలుసుకోవడం ముఖ్యమనీ చెప్పారు. తండ్రి చదువు, ఉద్యోగం, పెరిగిన చోటు చూస్తే మనిషి విలువలు తెలుస్తాయని వాళ్ల నమ్మకం. కులం పేరెత్తకుండా కులాన్ని అడిగే పద్ధతి ఇది. అడిగేవాళ్లకే అది వివక్షగా అనిపించకపోవడం దీని బలం.

ఫోన్‌కు సూటిగా వర్తించే ఫలితం ఇంకోటి ఉంది. అభిజిత్ బెనర్జీ, మరియాన్ బెర్ట్రాండ్, సౌగతో దత్తా, సెంధిల్ ముల్లైనాథన్ ఢిల్లీ చుట్టుపక్కల ఉద్యోగాలకు కల్పిత దరఖాస్తులు పంపి 2009లో ఫలితాలు ప్రచురించారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కులాన్ని బట్టి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం అగ్రకులాలకూ ఓబీసీలకూ మధ్య పెద్ద తేడా కనిపించింది, ఎస్సీల విషయంలో అంతకంటే కొంత తక్కువగా. దీన్ని నేను ఇలా చదువుతాను: నైపుణ్యాన్ని కొలిచే కొలబద్ద ఉన్నచోట కులానికి చోటు తగ్గుతుంది. 'మాట తీరు', 'కలుపుగోలుతనం' లాంటి కొలవలేని వాటితో పని ఉన్నచోట కులం వచ్చి కూర్చుంటుంది. ఐదు నిమిషాల వడపోత కాల్‌లో కొలిచేది ముఖ్యంగా వీటినే.

గొంతు గురించి అమెరికాలో జరిగిన పని కూడా మనకు ఉపయోగపడుతుంది. నల్లజాతి భాషాశాస్త్రవేత్త జాన్ బా, ఆయన సహచరులు అద్దె ఇళ్ల కోసం ఇంటి యజమానులకు ఫోన్లు చేశారు. ఒకే మనిషి మూడు యాసల్లో మాట్లాడితే, యాసను బట్టి ఇల్లు చూసుకోవడానికి రమ్మనే పిలుపులు మారిపోయాయి. 'హలో' అన్న ఒక్క మాట విని వినేవాళ్లలో ఎక్కువమంది యాసను గుర్తుపట్టగలిగారు. 1999లో వచ్చిన ఈ పరిశోధన చెప్పేది మన వాడల్లో పెద్దలకు ఎప్పుడో తెలుసు. 'హలో'తోనే పరీక్ష మొదలవుతుంది.

సర్కారు తీసేసిన ఇంటర్వ్యూ

ఇక్కడ ఒక వైచిత్రి గమనించాలి. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ బి నాన్ గెజిటెడ్, గ్రూప్ సి, డి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాల్లో ఇంటర్వ్యూ తొలగించింది. ముఖాముఖిలో పక్షపాతానికీ పైరవీకీ చోటుందని ప్రభుత్వాలే ఒప్పుకున్నట్టు లెక్క. రాత పరీక్షకు కీ ఉంటుంది, అభ్యంతరం చెప్పే గడువు ఉంటుంది, కోర్టుకు వెళ్లే దారి ఉంటుంది.

ప్రైవేటు రంగం సరిగ్గా ఎదురుదిక్కుకు వెళ్లింది. రాత పరీక్ష తగ్గింది, ఇంటర్వ్యూ మిగిలింది, ఆ ఇంటర్వ్యూ మొదటి మెట్టు ఫోన్‌లోకి కుదించుకుపోయింది. రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతమని 2025లో ప్రకటించిన కులగణన చెప్పింది. అదే సంవత్సరం ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 59 ఉపకులాలను మూడు గ్రూపులు చేసి 15 శాతం రిజర్వేషన్‌ను పంచారు. ఈ పోరాటం విలువ తక్కువ కాదు. కానీ అది సర్కారు కొలువుల గేటు దాకానే. బేగంబజార్ బిల్లింగ్ కౌంటర్‌కు గానీ, మాదాపూర్ కాల్ సెంటర్‌కు గానీ రోస్టర్ లేదు. నోటిఫికేషన్ కోసం ఏళ్లు చూసి, వయసు దాటిపోయి, ఇంటి అద్దె కోసం ఈ కాల్ ఎత్తే మన పిల్లలకు గ్రూపు ఏదైనా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: 'మీ నాన్నగారు ఏం చేస్తారు?'

కాల్ రాకముందు

నిశ్శబ్దంగా ఉన్న గది ఒక ఆస్తి. ఒక్క గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో, పదిమంది పడుకునే హాస్టల్ గదిలో అది దొరకదు. వెనక కుక్కర్ కూత, పిల్లల ఏడుపు వినగానే అటువైపు మనిషి మన 'ప్రొఫెషనలిజం' మీద ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు. కాబట్టి చోటు సంగతి ముందే తేల్చుకోవాలి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం బేగంబజార్ పక్కనే అఫ్జల్‌గంజ్‌లో ఉంది. పోటీ పరీక్షల విద్యార్థులకు అది చిరపరిచితం. రీడింగ్ హాల్లో ఫోన్ మాట్లాడకూడదు, ఆవరణలో మాట్లాడవచ్చు. నెట్‌వర్క్ బాగా అందే మూల, మధ్యాహ్నం నీడ ఉండే మూల ముందే చూసిపెట్టుకోండి. స్నేహితుడి గది అయినా, సంఘం ఆఫీసు అయినా, చర్చి వరండా అయినా సరే.

దరఖాస్తు పెట్టిన ప్రతిదానికీ నోటు పుస్తకంలో ఒక పేజీ కేటాయించండి. కంపెనీ పేరు, పోస్టు, ప్రకటనలో అడిగిన అర్హతలు, జీతం, ప్రకటన ఫొటో లేదా స్క్రీన్‌షాట్ తేదీ రాసుకోండి. దరఖాస్తు పెట్టిన పది రోజులకు తెలియని నంబరు నుంచి కాల్ వస్తే ఏ ఉద్యోగమో గుర్తురాక తడబడే ఇబ్బంది దీనితో పోతుంది. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదటి కాగితం కూడా ఇదే.

నిమిషంన్నర పరిచయం తయారు చేసుకోండి. పేరు, చదువు, తెలిసిన పని, ఆ పని చేసిన ఒక ఉదాహరణ, ఈ పోస్టుకు అది ఎలా సరిపోతుందో చెప్పే ఒక వాక్యం. తండ్రి పేరు, ఊరు, కుటుంబం గురించి అందులో మీరుగా చెప్పాల్సిన పని లేదు. మన బళ్లలో 'సెల్ఫ్ ఇంట్రడక్షన్' అంటే తండ్రి వృత్తితో మొదలుపెట్టడం నేర్పుతారు. ఆ అలవాటు ముందు మానుకోవాలి. ట్యాలీ వచ్చు అనకండి. 'రోజుకు ఇన్ని బిల్లులు ఎంట్రీ చేశాను, నెలాఖరు స్టాకు లెక్క తేల్చాను' అనండి. ఉద్యోగం ఇంకా చేయకపోతే ఇంటర్న్‌షిప్, హాస్టల్ మెస్ లెక్కలు, సంఘం సభకు వసూలు చేసిన చందాల లెక్క కూడా అనుభవమే. అంకె చెప్పిన చోట కొలబద్ద పుడుతుంది.

భాష గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. బేగంబజార్‌లో అమ్మకాల పనికి హిందీ, దక్కనీ రావాలనడం వివక్ష కాదు, ఆ పని అలాంటిది. నల్గొండ నుంచో పాలమూరు నుంచో వచ్చిన పిల్లలకు ఆ హిందీ మూడు నెలల్లో పట్టుబడుతుంది. 'భావ్ క్యా హై', 'మాల్ కబ్ నికలేగా', 'బిల్ భేజ్ దో' దగ్గర మొదలుపెట్టండి. కానీ గోదాములో స్టాకు రాసే పనికి 'మంచి ఇంగ్లిష్ ఫ్లూయెన్సీ' అడిగితే అది పని అడిగింది కాదు, బడి అడిగింది.

ఇక మోసాల సంగతి. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డబ్బు, 'సెక్యూరిటీ డిపాజిట్' అని ఫోన్‌లో అడిగితే అది ఉద్యోగం కాదు. ఓటీపీ గానీ, బ్యాంకు వివరాలు గానీ ఇవ్వకండి. పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

కాల్ నడుస్తుండగా

మొదటి వాక్యం మీది కావాలి. 'నమస్తే, మీ పేరు, కంపెనీ పేరు, ఏ పోస్టు గురించో చెప్తారా?' అని అడిగి రాసుకోండి. ఇది మర్యాదే, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఈ ఒక్క వాక్యంతో అటువైపు గొంతుకు ఒక పేరు వస్తుంది. బస్సులోనో పనిలోనో ఉంటే 'సాయంత్రం ఐదింటికి మాట్లాడవచ్చా?' అనండి. ఎత్తిన వెంటనే మాట్లాడి తీరాలన్న రూలు లేదు. వాళ్లు చేయకపోతే ఐదు గంటల ఐదు నిమిషాలకు మీరే చేయండి.

ప్రశ్న అర్థం కాకపోతే 'ఇంకోసారి చెప్పండి' అనడంలో చిన్నతనం లేదు. తెలియనిది తెలియదని చెప్పి, దగ్గరగా తెలిసింది చెప్పండి. జీతం దగ్గర మన పిల్లలు ఎక్కువ నష్టపోతారు. 'మీరు ఎంత ఇస్తే అంత సార్' అనడం వినయం కాదు, తరాలుగా మన శ్రమకు మనం ధర చెప్పుకోలేకపోయిన అలవాటు. అదే పనికి మార్కెట్‌లో ఎంత ఇస్తున్నారో నలుగురిని అడిగి, ఒక అంకె కాగితం మీద రాసుకుని కూర్చోండి. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, వారపు సెలవు ఉందా, డ్యూటీ ఎన్ని గంటలు అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.

ఆ ప్రశ్న వచ్చినప్పుడు

పీహెచ్‌డీలో చేరకముందు రెండేళ్లు నేనూ ఇలాంటి కాల్స్ ఎత్తాను. ఒక ప్రైవేటు సంస్థ నుంచి మాట్లాడినాయన నా సబ్జెక్టు గురించి ఒక్క ప్రశ్న అడిగి, ఊరు, ఇంటిపేరు, నాన్న పని గురించి నాలుగు అడిగాడు. తర్వాత మళ్లీ ఫోన్ రాలేదు. కులం వల్లేనా? నిరూపించలేను. ఇలాంటి చోట మనల్ని తినేసేది ఈ 'నిరూపించలేను' అన్న మాటే. నాలోనే ఏదో లోపం ఉందేమో అని రాత్రంతా వెతుక్కునేలా చేస్తుంది అది.

ఆ ప్రశ్నకు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, పని వైపు తిప్పడం: 'మా కుటుంబం ఊళ్లో ఉంటుంది సార్. నేను ఇక్కడే ఉంటున్నాను, డ్యూటీకి ఇబ్బంది ఉండదు.' వాళ్లకు నిజంగా రాకపోకల గురించే అనుమానమైతే తీరిపోతుంది. రెండు, మర్యాదగా కారణం అడగడం: 'ఈ పోస్టుకు అది ఎలా అవసరమో చెప్తారా?' మూడు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం: 'మా నాన్న కూలి పని చేస్తారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే.' అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ మూడింటిలో సరైనది ఏదని ఉద్యమకారులు తీర్పు చెప్పకూడదు. వచ్చే నెల అద్దె కట్టాల్సిన అమ్మాయి మొదటి దారి ఎంచుకుంటే అది లొంగిపోవడం కాదు. ఎదిరించే ఖర్చు ఎవరు భరిస్తారన్నది అసలు ప్రశ్న. ఒంటరిగా ఫోన్ పట్టుకున్న పిల్ల మీద ఆ ఖర్చంతా వేసి మనం సభల్లో ఆత్మగౌరవం గురించి మాట్లాడటం న్యాయం కాదు. కానీ ఏ దారి ఎంచుకున్నా, ప్రశ్నను మాత్రం రాసుకోవాలి. జవాబు ఎలా చెప్పాలో మన ఇష్టం. ప్రశ్న అడిగారన్నది వాస్తవం.

అమ్మాయిలకు ఇంకో పొర ఉంటుంది. 'పెళ్లయిందా? రాత్రి ఆలస్యమైతే ఇంట్లో ఒప్పుకుంటారా?' దళిత అమ్మాయికి కులం ప్రశ్న, ఈ ప్రశ్న ఒకే ఊపిరిలో వస్తాయి. ఉద్యోగం పేరుతో వ్యక్తిగత నంబరుకు రాత్రిళ్లు మెసేజ్‌లు మొదలైతే అది ఇంటర్వ్యూ కాదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టి, నమ్మకమైన మనిషికి చెప్పండి.

కాల్ అయ్యాక: మాటను కాగితం చేయడం

ఫోన్ పెట్టిన పది నిమిషాల్లో నాలుగు విషయాలు రాయండి: తేదీ, సమయం, మాట్లాడినవారి పేరు, అడిగిన ప్రశ్నలు వరుసగా. తర్వాత వాట్సాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ చిన్న సందేశం పంపండి: 'ఈరోజు బిల్లింగ్ పోస్టు గురించి మాట్లాడినందుకు ధన్యవాదాలు. నా అనుభవం, జీతం గురించి మాట్లాడుకున్నాం. నిర్ణయం ఎప్పుడు తెలుస్తుందో చెప్పగలరు.' ఇది అన్ని కంపెనీలూ మెచ్చే మర్యాద. మనకు మాత్రం ఇది ఆ కాల్ జరిగిందనడానికి రుజువు. వద్దంటే కారణం అడగండి. చాలామంది చెప్పరు. చెప్పిన ఒక్కరి జవాబు కూడా విలువైనదే.

రికార్డింగ్ గురించి అందరూ అడుగుతారు. కొన్ని ఫోన్లలో రికార్డు నొక్కగానే ఆ విషయం అటువైపు వినబడుతుంది, అది చూసుకోండి. ఫోన్ సంభాషణ రికార్డు సాక్ష్యంగా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1973లో ఆర్.ఎం. మల్కానీ కేసులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి. కాబట్టి అసలు ఫైలు ఉన్న ఫోన్ జాగ్రత్త. వాట్సాప్‌లో పంపేసి అసలు చెరిపేయకండి. సాక్ష్యంగా దాచుకోవడం వేరు, సోషల్ మీడియాలో పెట్టడం వేరు. రెండోది చేసేముందు లాయరును అడగండి.

చట్టం ఎంత దూరం వస్తుంది?

రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రమే. ప్రైవేటు నియామకాల్లో కులవివక్షను నేరుగా, సమగ్రంగా నిషేధించే ప్రత్యేక చట్టం దేశంలో లేదు. ఉన్నవి రెండు. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం సెక్షన్ 4, అంటరానితనం కారణంగా వృత్తి, వ్యాపారం, ఉద్యోగం చేయకుండా అడ్డుకోవడాన్ని నేరమంటుంది. 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో చేరిన సెక్షన్ 3(1)(జెడ్ఏ), ఇతరులకు అందుబాటులో ఉన్న ఉద్యోగాన్ని దళితులు, ఆదివాసులు చేయకుండా అడ్డుకోవడాన్ని నేరం చేసింది. చదవడానికి బలంగానే ఉన్నాయి. కానీ 'కులం వల్లే వద్దన్నారు' అని చూపించాలంటే రుజువు కావాలి. అది మొత్తం అటువైపు మనిషి బుర్రలోనే ఉంటుంది.

ఫోన్‌లో నోరు జారి కులం పేరుతో అవమానిస్తే? సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్) ప్రకారం ఆ మాట 'ప్రజల కంటపడే చోట' జరిగి ఉండాలి. 2020 మేలో పంజాబ్-హర్యానా హైకోర్టు ఇలాంటి ఒక కేసులో, మూడో మనిషి సాక్షిగా లేని ఫోన్ సంభాషణ ఆ నిర్వచనంలోకి రాదని చెప్పి అభియోగాలు కొట్టేసింది. పక్కన స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని స్పీకర్ పెడితే సరిపోతుందా అంటే, స్నేహితులు, బంధువులు మాత్రమే ఉంటే చాలదని సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ (2008), హితేశ్ వర్మ (2020) తీర్పుల్లో అంది. చట్టం వీధి అరుగును ఊహించుకుని రాసింది. అవమానం మాత్రం చెవిలోకి మారిపోయింది. అయినా జరిగిన విషయాన్ని వదిలేయకూడదు. జాతీయ అత్యాచారాల నిరోధక హెల్ప్‌లైన్ 14566, రాష్ట్ర ఎస్సీ ఎస్టీ కమిషన్ ఉన్నాయి. ఒక్క ఫిర్యాదుతో కేసు నిలబడకపోవచ్చు. ఒకే సంస్థ మీద పది ఫిర్యాదులు వస్తే అది ఒక తీరు అని చెప్పవచ్చు.

మనం అడగాల్సింది

మార్పు అసాధ్యమేమీ కాదు. అమెరికాలో సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరిలో వివక్షకు కారణమయ్యే అంశాల జాబితాలో కులాన్ని చేర్చింది. మన తెలుగు ఇంజనీర్లు వేలల్లో పనిచేసే ప్రాంతం అది. అక్కడి కంపెనీలు పాటించాల్సిన నియమం, వాటి హైదరాబాద్ ఆఫీసుల్లో ఎందుకు ఉండకూడదు?

డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఒక పోస్టుకు వచ్చిన అభ్యర్థులందరినీ ఒకే వరుసలో ఒకే ప్రశ్నలు అడగాలి, మార్కులు వేయాలి, ఆ కాగితం దాచాలి. ఇది కంపెనీకి కూడా నష్టం కాదు. ష్మిట్, హంటర్ 1998లో 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూస్తే, ఇలా క్రమబద్ధంగా చేసిన ఇంటర్వ్యూకు పనితీరును అంచనా వేసే శక్తి 0.51, తోచినట్టు మాట్లాడే ఇంటర్వ్యూకు 0.38. కుటుంబం, ఊరు, ఇంటిపేరు, పెళ్లి గురించిన ప్రశ్నలు నియామకం అయ్యేదాకా నిషేధించాలి. ప్రభుత్వ భూమి, రాయితీలు తీసుకున్న సంస్థలు దరఖాస్తు, పిలుపు, నియామకం మూడు దశల్లో కులాలవారీ లెక్కలు బయటపెట్టాలి.

అప్పటిదాకా సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో భాగ్యరెడ్డి వర్మ ఈ నగరంలో దళిత పిల్లలకు బళ్లు పెట్టించినప్పుడు ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. ఇప్పుడు కావలసినవి చిన్నవి. ప్రతి ఎస్సీ హాస్టల్‌లో తలుపు వేసుకుని ఫోన్ మాట్లాడుకునే ఒక గది. పోటీ పరీక్షల శిక్షణతోపాటు వారానికి ఒక గంట, సీనియర్లు ఫోన్ చేసి జూనియర్లను అడిగే మాక్ కాల్స్. అందులో 'నాన్నగారు ఏం చేస్తారు?' అన్న ప్రశ్న కూడా ఉండాలి, మొదటిసారి శత్రువు నోట కాకుండా అన్న నోట వినేలా. చివరిగా ఒక ఉమ్మడి నోటు పుస్తకం: ఏ సంస్థ, ఏ తేదీ, ఏ ప్రశ్న. అభ్యర్థి పేరు గోప్యంగా ఉంచి, ప్రశ్నను మాత్రం దాచకుండా.

ఒక్కరి దగ్గర ఉన్నంతకాలం అది అనుమానం. వంద మంది రాసింది ఒకచోట చేరితే అది లెక్క. ఐదు నిమిషాల కాల్‌కు సాక్షి లేకపోవచ్చు. ఆ పుస్తకంలో వరుసగా రాసిన ప్రశ్నలే రేపు సాక్షులవుతాయి.